కుడి అంచు పైకి

ఆ వేసవిలో మా నాన్న రోజుకు తక్కువలో తక్కువ పదకొండు సార్లు చచ్చాడు. ఒక రోజైతే ఇరవై ఆరు సార్లు చచ్చి, సాయంత్రం బసకు వచ్చి, చల్లటి బార్లీ టీ రెండు గ్లాసులు గటగటా తాగి, "ఇవాళ ఒక్కటీ కుదరలేదే" అని నిట్టూర్చాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇప్పుడు ఆ రోజులు తలుచుకున్నా ముందు అలసటే గుర్తొస్తుంది. మిగిలినవన్నీ దాని వెనకాల వస్తాయి.

చావడమే ఆయన వృత్తి. పేరు తత్సుజి. క్యోటోలో, ఉజుమసా స్టూడియోల్లో, నలభై ఏళ్ళపాటు కత్తి సినిమాల్లో హీరో చేతిలో నరికించుకునే వేషాలు వేశాడు. హీరోలు ముసలివాళ్ళయ్యారు, వాళ్ళ కొడుకులు హీరోలయ్యారు. నాన్న తండ్రుల చేతిలోనూ చచ్చాడు, కొడుకుల చేతిలోనూ చచ్చాడు. దెబ్బ తగలగానే రొయ్యలా వెనక్కి వంగి, ఒక్క క్షణం అలాగే ఆగి, అప్పుడు కూలేవాడు. ఆ ఒక్క క్షణం ఆగడం నేర్చుకోవడానికి పదేళ్ళు పట్టిందట. కానీ ఆ పనికి ఒక కట్టుబాటుంది. చంపేవాడి మొహం కనిపించాలి, చచ్చేవాడిది కనిపించకూడదు. అంచేత మా నాన్న వీపు దేశమంతా చూసింది. మొహం మాత్రం మా వీధివాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఏడు ఫిబ్రవరిలో అమ్మ పోయింది. కత్తి సినిమాలు అంతకు చాలా ముందే పోయాయి. నాన్న ఇంట్లో కూర్చుని, మధ్యాహ్నం టీవీలో పాత సినిమాలు వేస్తే తన చావులు తనే చూసుకునేవాడు. మే నెలలో మెడ నొప్పి అంటే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పట్టి, "మెడ ఎముకలు అరిగి లోపలి నరాన్ని నొక్కుతున్నాయి. ఇంకొక్కసారి వెల్లకిలా పడ్డారంటే కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు. మెట్లు దిగేటప్పుడు కూడా కమ్మీ పట్టుకోండి" అన్నాడు. నాన్న బుద్ధిగా తలూపాడు. ఆయన తలూపితే నాకు భయం. ఒప్పుకోని మాటకే ఆయన అంత బుద్ధిగా తలూపుతాడు.

జూన్ ముసురులో నెమొతో అనే దర్శకుడు మా ఇంటికి వచ్చాడు. అప్పటికి ఒకే ఒక్క సినిమా తీశాడు, అదీ ఎవరూ చూడలేదు. తడిసిన బూట్లు గుమ్మంలో విప్పితే ఒక మేజోడుకు చిల్లు. చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని కథ చెప్పాడు. కొండల్లో ఒక అడవి. అందులో పాతిపెట్టినవాళ్ళంతా జాంబీలై లేచొస్తారు. నల్ల తోలు కోటు వేసుకున్న హీరో కత్తితో, తుపాకీతో, కాళ్ళతో వాళ్ళను ఎడాపెడా వాయిస్తాడు.

"అంతేనా?" అన్నాడు నాన్న.

"అంతేనండి."

"ఎందుకు లేస్తారు వాళ్ళు?"

"అదింకా అనుకోలేదండి."

నాన్న పకపకా నవ్వాడు. అమ్మ పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. అందుకే ఆ మనిషిని నేను గుమ్మంలోంచే పంపెయ్యలేకపోయాను.

"మాస్టారూ, మూడో తరగతిలో మీ వీపు చూసి సినిమాల్లోకి వచ్చానండి నేను" అన్నాడు నెమొతో. "మీ కోసం ఒక షాట్ రాసుకున్నా. పాడుబడ్డ గుడి మెట్ల మీద. శవాలన్నిటికీ పెద్ద మీరు. హీరో నరుకుతాడు. మీరు మీ పద్ధతిలో వెనక్కి వంగి పదకొండు మెట్లు దొర్లుతారు. దొర్లి, మళ్ళీ లేస్తారు. కెమెరా హీరో వైపు పోదు. మొదట్నుంచి చివరిదాకా మీ మొహం మీదే."

"మొహం మీదే?"

"మొహం మీదేనండి. నరికేవాడి వీపు చాలు."

నాన్న గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. నేనే అందుకున్నాను. "నాన్నా, నీ మెడ..."

"మెడ ఉంటేనే కదమ్మా నరికేది" అన్నాడు, నా వైపు చూడకుండా.

నెమొతో వెళ్ళాక అమ్మ ఫోటో ముందు కూర్చోబెట్టి, మెడ సంగతి ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. అమ్మ చూస్తుండగా ఏడుస్తూ వేశాను. వేసి, బట్టల పనికి నన్ను కూడా పెట్టుకుంటేనే పంపిస్తానన్నాను. నేను కిమోనోలు కుట్టే దుకాణంలో పని చేసేదాన్ని. ముప్ఫై మూడేళ్ళు, పెళ్ళి లేదు, సెలవు అడిగితే ఇచ్చే యజమాని. కళ్ళ ముందుంటే కాపాడుకోవచ్చనుకున్నాను. కళ్ళ ముందు జరిగేవాటిని మనుషులు ఎంత ఆపగలరో అప్పటికి నాకు తెలియదు.

జులై నెలాఖరుకు టంబా కొండల్లో మూసేసిన ఒక ప్రాథమిక పాఠశాలలో దిగాం. తరగతి గదుల్లోనే పడక, అక్కడే మేకప్పు, అక్కడే బట్టలు. నలభై మంది శవాలు. కాలేజీ కరాటే పిల్లలు, కుస్తీలో ఓడి మానేసినవాళ్ళు, చేపల బజారులో మూటలు మోసే ఒకాయన, మా నాన్న. బట్టల విభాగానికి పెద్ద హత్సుయె అక్క. పేరుకే అక్క, అరవై దాటాయి. స్టూడియోలో ముప్ఫై ఏళ్ళు నాన్నకు ఆవిడే కట్టింది. నోట్లో సిగరెట్టు తీయకుండా గుండుసూదులు కూడా అదే నోట్లో పెట్టుకోగల మనిషి.

"శవాలంటే శవాల్లాగే కట్టాలర్రా" అని మొదటి రోజే చెప్పింది. "కుడి అంచు పైకి. నెత్తురు పంచదార పాకమైనా జనం ఊరుకుంటారు గానీ, ఇది తప్పితే మా అమ్మమ్మ సమాధిలోంచి లేచొచ్చి తంతుంది."

బతికున్నవాళ్ళకు కిమోనో కుడి అంచు ఒంటికి ఆనించి, ఎడమ అంచు దాని పైకి వేస్తాం. ఎన్ని వేల సార్లు కట్టుకున్నా అంతే. మనిషి పోయాక మాత్రం, ఆ ఒక్కసారికి, తిరగేసి కుడి అంచు పైకి వేస్తాం. పిల్లలు పొరపాటున అలా వేసుకుంటే పెద్దవాళ్ళు చేతి మీద ఒక్కటి వేసి మళ్ళీ కట్టిస్తారు. ఫిబ్రవరిలో అమ్మకు అలా కట్టింది నేనే. నాన్న గదిలోకి రాలేకపోయాడు, వరండాలో నిలబడి తోట వైపు చూస్తూ ఉండిపోయాడు.

తొలి రోజు పొద్దున ముప్ఫై తొమ్మిది మందికి చకచకా కట్టేశాను. నలభయ్యోవాడు చేతులు చాచి నిలబడ్డాడు. తెల్ల బట్ట రెండు అంచులూ పట్టుకున్నాను గానీ చేతులు ముందుకు పోలేదు. హత్సుయె అక్క చూసింది. "నువ్వెళ్ళు పిల్లా. ఈ పీనుగుని నాకొదిలెయ్" అంది. ఆ రోజు నుంచి నాన్నకు ఆవిడే కట్టేది.

ఎండ చెప్పనక్కర్లేదు. పంచదార నెత్తురుకు చీమలు, చీమలు పోతే కందిరీగలు. చెంపలకు అతికించిన కుళ్ళిన చర్మం చెమటకు జారి మధ్యాహ్నం అన్నం డబ్బాల్లో పడేది. తోలు కోటులో హీరో రెండుసార్లు స్పృహ తప్పాడు. చచ్చినవాళ్ళంతా చుట్టూ చేరి చంపేవాడికి విసనకర్రలు విసిరారు.

నాన్న చిక్కు వేరు. ఫైట్ మాస్టరు ఒగాతా రోజూ వచ్చి తల గోక్కునేవాడు. "మాస్టారూ, మరీ బాగా చస్తున్నారండి. మీరు చస్తే చూసేవాళ్ళకి ఏడుపొస్తోంది. ఇవి జాంబీలు. దబ్బున పడాలి, మళ్ళీ లేవాలి."

"పడటమంటే నేర్చుకున్నాను బాబూ. పడ్డాక కట్ అనేదాకా ఊపిరి కూడా తీయకూడదని మా గురువు వెదురు కర్రతో కొట్టేవాడు. లేవడం మాకెవడు నేర్పాడు?"

సాయంత్రాలు బడి ఆవరణలో ఒక్కడే లేవడం సాధన చేసేవాడు. పడుకుని లేచేవాడు, మళ్ళీ పడుకుని మళ్ళీ లేచేవాడు. కరాటే పిల్లలు మెట్ల మీద కూర్చుని, "తాతా, ఈసారి నిద్రలేచినట్టుంది!" "తాతా, ఈసారి పింఛను కోసం లేచినట్టుంది!" అని ఆటపట్టించేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. ఆగస్టు మొదటి వారంలో భోజనం దగ్గర ఆయన ఎడమ చేతిలో గిన్నె జారింది. అందరూ చెమట అనుకున్నారు. మర్నాడు మళ్ళీ జారింది.

వానలకు అయిదు రోజులు పోయాయి. మెట్ల షాట్ వెనక్కి జరిగి జరిగి, పోయిన పెద్దలు ఇంటికి వచ్చే పండుగ రోజుల మీదకు వచ్చింది. అమ్మ పోయాక మొదటి పండుగ అది. పదమూడున గుమ్మంలో మంట వెలిగించి ఆవిణ్ణి పిలవాలి, పదహారున సాగనంపాలి. మొదటి ఏడు ఇల్లు మూసి ఉంచడం ఎవరూ చెయ్యరు. బడి వంటగదిలో ఉన్న ఫోన్‌కు మా మేనత్త చేసింది.

"చచ్చినవాళ్ళ వేషాలేసుకోడానికి తీరికుంది గానీ, చచ్చినావిడ ఇంటికొస్తుంటే తలుపు తీయడానికి తీరిక లేదా మీకు? మీ నాన్నంటే సరే, ఆయన ఎప్పుడూ అంతే. నీకేమైందే?"

ఫోన్ పెట్టేసి, ఊళ్ళో దుకాణానికి వెళ్ళి జనపకట్టెలు కొనుక్కొచ్చాను. పొద్దువాలే వేళకు వంటగది వెనక, అంచు విరిగిన నూడిల్స్ గిన్నెలో మంట వేశాను. నాన్న అడవిలోంచి తిన్నగా వచ్చాడు. ఒక చెంప ఊడి వేలాడుతోంది, గడ్డం నిండా ఎండిన నెత్తురు.

"కడుక్కుని రావచ్చుగా నాన్నా."

"గంటన్నర పట్టింది ఇది అతకడానికి. ఇంకో షాట్ ఉంది." మంట ముందు గొంతుక్కూర్చున్నాడు. "మీ అమ్మ ఈ మొహం చూసిందంటే గుమ్మంలోంచే వెనక్కి పోతుంది."

నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. "ఇల్లు క్యోటోలో ఉంటే ఇక్కడికి దారెలా తెలుస్తుంది అమ్మకి?"

"ఎందుకు తెలీదు? నేనెక్కడ షూటింగులో ఉన్నా అన్నం డబ్బా పట్టుకుని వచ్చేసేది. వస్తుందిలే."

కట్టెలు చిటపటమన్నాయి. ఇంతకంటే సమయం దొరకదనుకున్నాను. "నాన్నా, ఆ మెట్ల షాట్ వద్దు. డూపుని పెట్టమందాం."

"జన్మంతా నేనే డూపులా బతికాను. డూపుకి డూపా?"

"నీ ఎడమ చెయ్యి పని చెయ్యట్లేదు. నేను చూస్తూనే ఉన్నా."

ఆయన ఆ చేతిని చప్పున తెల్ల బట్ట మడతలోకి దోపాడు.

"పడిపోతే ఏం చెయ్యను నేను? ఒక్క ఏడాదిలో ఇద్దర్నీ పోగొట్టుకోవాలా? నాకెవరున్నారు చెప్పు?" గొంతు పెద్దదైంది. వంటవాళ్ళు కిటికీలోంచి తొంగిచూశారు.

నాన్న మంట వైపే చూస్తూ మాట్లాడాడు. "మీ అమ్మ నా ప్రతి సినిమాకీ వచ్చేది. హాల్లో చీకట్లో నా మోచెయ్యి పొడుస్తూ, 'ఏదీ, నువ్వెక్కడ?' అనేది. 'అదుగో, ఆ వీపు' అనేవాణ్ణి. నలభై ఏళ్ళూ అదే. ఒక్కసారి మొహం చూపిద్దామనుకున్నా. ఆవిడ ఆగలేదు."

"అమ్మ లేదుగా ఇప్పుడు చూడ్డానికి!"

"నువ్వున్నావుగా."

"నెమొతోకి చెప్పేస్తా. ఒట్టూ లేదు, గిట్టూ లేదు."

"చెప్పు. తప్పేం లేదు" అన్నాడు నెమ్మదిగా. వేలాడే చెంపను అరచేత్తో అదుముకుంటూ లేచాడు. "నా తరఫున కూడా ఒక కట్టె వెయ్యి మంటలో. వాళ్ళు పిలుస్తున్నారు."

పదహారో తారీకు పొద్దున్నే చెప్పేద్దామని వెళ్ళాను. గుడి మెట్ల మీద నెమొతో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఏ మెట్టుకు తల తగులుతుందో, ఏ మెట్టుకు నడుము తగులుతుందో తనే దొర్లి చూసుకుంటూ, నాచు రంగు వేసిన మెత్తలు సర్దుతున్నాడు. రెండు మోచేతులూ చెక్కుకుపోయి ఉన్నాయి.

"మిసావో గారూ, ఈ మెట్టు అంచు మరీ పదునుగా ఉందండి, ఆకురాయితో అరగదీస్తున్నాం" అన్నాడు. "పెద్దాయన ఒంటి మీద గీత పడకూడదు. నేను తీసిన వాటిల్లో ఏదైనా నాలుగు కాలాలు మిగిలితే అది ఈ ఒక్క నిమిషమేనండి. ఏదో చెప్పాలని వచ్చారు?"

మాట నోటి దాకా వచ్చింది.

"హత్సుయె అక్కకి కందిరీగ కుట్టి కన్ను వాచింది. ఇవాళ కట్టు నేను కడతాను. కాస్త ఆలస్యమవుతుంది" అన్నాను.

ఎందుకు మింగేశానో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఆ చెక్కుకుపోయిన మోచేతులు చూసి కావచ్చు. నాన్న మొహం తెర మీద చూడాలని నాకూ ఉండటం కావచ్చు. ఆ రెండోది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మూడో తరగతి గదిలో, చిన్న చిన్న కుర్చీల మధ్య, నాన్న చేతులు చాచి నిలబడ్డాడు. లోపల నడుముకు, వీపుకు మెత్తలు కట్టాను. మెడకు కట్టడానికి ఏమీ లేదు, అక్కడ ఏం కట్టినా కనిపిస్తుంది. పైన తెల్ల బట్ట తొడిగి రెండు అంచులూ పట్టుకున్నాను. కుడి అంచు పైకి రావాలి. నేను ఎడమ అంచు పైకి వేసి నడికట్టు బిగించాను, బతికున్నవాళ్ళకు కట్టినట్టు. చేతులు అలవాటు కొద్దీ అలా పోయాయని తర్వాత అందరికీ చెప్పాను. అది సగమే నిజం. నా చేతుల్లో ఏ అంచు ఉందో నాకు తెలుసు.

నాన్న తల వంచి చూసుకున్నాడు. ఎదురుగా గోడకు ఆనించిన అద్దంలో కూడా ఒకసారి చూసుకున్నాడు.

"గట్టిగా కట్టావా?" అన్నాడు.

"కట్టాను."

"సరే మరి" అని నా తల మీద చెయ్యి వేసి, నెత్తురు పూయించుకోవడానికి వెళ్ళిపోయాడు. కుంకుమ నీళ్ళ కుండ తలకిందులైనట్టు ఆయన ఒళ్ళంతా పాకం కుమ్మరించారు. కట్టు సంగతి ఎవరి కంటా పడలేదు.

మొదటి టేక్. హీరో కత్తి ఎత్తి తిప్పి నరికాడు. నాన్న వెనక్కి వంగాడు. వంగి ఆగాడు. ఆ ఆగడాన్ని చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లో చూశాను గానీ ముందు వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. మొహంలో నొప్పి లేదు, కోపం లేదు. ఎవరో చాలా రోజులకు గుర్తుపట్టి పేరు పెట్టి పిలిస్తే కలిగే ఆశ్చర్యం ఉంది. పదకొండు మెట్లూ దొర్లి, అడుగున ఆగి, కాసేపు కదల్లేదు. తర్వాత లేచాడు. ఏ సాధనా కనిపించలేదు అందులో. మధ్యాహ్నం కునుకు తీసినవాడు అన్నానికి రమ్మంటే లేచినట్టు, అయిష్టంగా, ప్రేమగా లేచాడు.

కట్ అన్నారు. ఆ తర్వాత చప్పట్లు. రోజూ ఏడిపించే కరాటే పిల్లలే ముక్కులు చీదుకుంటున్నారు. నేను దేవుడా, అయిపోయింది, బతికి బయటపడ్డాం అనుకుని అక్కడే రాయి మీద కూలబడ్డాను.

ఎరి అని ఒకమ్మాయి ఉండేది. ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ బట్టలూ జుట్టూ కలిశాయా లేదా చూడటం ఆమె పని. చేతిలో అప్పుడే తీసిన ఫోటో ఆరబెడుతూ, "సార్... కట్టు" అంది.

నెమొతో ఫోటో చూసి మెట్టు మీద కూర్చుండిపోయాడు. "మిగతా షాట్లన్నిట్లో కుడి అంచు పైకుంది" అన్నాడు. తర్వాత అందరూ నా వైపు తిరిగారు. నేను నోరు తెరిచేలోపు నాన్న అందుకున్నాడు.

"అమ్మాయి సరిగ్గానే కట్టింది. నేనే విప్పి మళ్ళీ సర్దుకున్నా. నలభై ఏళ్ళు చచ్చాను బాబూ, కానీ ప్రతిసారీ బతికున్నవాడి కట్టుతోనే వెళ్ళాను. నరికేదాకా బతికే ఉండాలి కదా! ముందే చచ్చి వెళ్ళడం నాకు ఈ సినిమాతోనే. చెయ్యి పాత దారిన పోయింది."

అందరూ నవ్వారు. అంత అందంగా అబద్ధం చెప్పాడు. నెమొతో కూడా నవ్వి, "ఉన్నదాంతో ఏదో ఒకటి చూద్దాం మాస్టారూ, చాలు" అన్నాడు.

"ఉన్నదాంతో చూడ్డమేమిటి? మొహం పడుతోంది. సరిగ్గా ఉండొద్దూ?" అన్నాడు నాన్న. "మళ్ళీ చేద్దాం."

హత్సుయె అక్క ఒంటి కన్నుతో వచ్చి, కొత్త తెల్ల బట్ట వేసి, కుడి అంచు పైకి తీసి కట్టింది. "వద్దు నాన్నా" అన్నాను. పైకే అన్నాను. నా తప్పు బయటపడి సిగ్గుపడుతున్నానని అందరూ అనుకున్నారు. ఆయన నా వైపు చూసి, బుద్ధిగా తలూపాడు.

రెండోసారి కూడా బాగానే వంగాడు. బాగానే పడ్డాడు. పడి ఆగాడు. అందరం లేవడం కోసం ఎదురుచూశాం. కెమెరా తిరుగుతోంది. శవంలా ఆగడంలో ఆయన్ని మించినవాడు లేడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఒగాతా అయితే మెచ్చుకోలుగా తల పంకిస్తున్నాడు. చెట్ల మీద కీచురాళ్ళు ఆగకుండా అరుస్తున్నాయి. నేను లేచి కెమెరాకు అడ్డంగా నడుచుకుంటూ వెళ్ళి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను.

కళ్ళు తెరిచే ఉన్నాయి. "ఇంకా కట్ అనలేదు, ఎందుకొచ్చావే" అని గొణిగాడు. తర్వాత ఇంకా మెల్లగా, "కాళ్ళు ఎక్కడున్నాయో తెలీడం లేదమ్మాయ్" అన్నాడు.

అంబులెన్సు కొండ దిగి క్యోటో చేరేసరికి రాత్రి ఎనిమిది. వంతెన మీద జనం కిటకిటలాడుతున్నారు. అందరి మొహాలూ కొండ వైపు, పెద్దలను సాగనంపడానికి దాని మీద వెలిగించే మంటల వైపు. నాన్న మెడ కదలకుండా కట్టేసి ఉంది, పైకప్పు తప్ప ఏమీ కనిపించదు ఆయనకు.

"వెలిగిందా?" అన్నాడు.

"వెలిగింది నాన్నా."

"పాపం, వచ్చినట్టే వచ్చింది. పలకరించేవాడు లేడు" అన్నాడు, కళ్ళు మూసుకుని.

ఆపరేషను చేశారు. చలికాలానికి కుడి కాలు వచ్చింది, ఎడమ కాలు సగం వచ్చింది, ఎడమ చెయ్యి రాలేదు. మేడ మీద ఆయన గది కిందికి మార్చాను. దుకాణం పని ఇంటికి తెచ్చుకుని, ఆయన పక్కనే కూర్చుని కుట్టేదాన్ని. నెమొతో ప్రతి ఆదివారం వచ్చి గుమ్మంలో తల వంచుకుని నిలబడేవాడు. నాన్నే లోపలికి పిలిచి కబుర్లు చెప్పేవాడు. మా నాన్న మళ్ళీ చావలేదు. ఇంటి పని, ఆస్పత్రి, కర్రతో నడక, మూడు పూటలా అన్నం. ఇల్లు నిశ్శబ్దంగా తయారైంది. నేను రాత్రీ పగలూ ఒకటే అనుకునేదాన్ని. నేను సరిగ్గా కట్టి ఉంటే రెండో టేక్ ఉండేది కాదు.

మరుసటి ఏప్రిల్‌లో సినిమా విడుదలైంది. క్యోటోలో ఒకే ఒక చిన్న హాలు, మధ్యాహ్నం ఆట. మాతో కలిపి పదమూడు మంది. నాన్న తన ఎడమ పక్క సీటులో ఎవరినీ కూర్చోనివ్వలేదు. కర్ర అడ్డం పెట్టాడు.

రెండు గంటలపాటు ఒకటే నరకడం. తలలు ఎగురుతున్నాయి, తోలు కోటు గాలిలో ఎగురుతోంది, ముందు వరసలో కరాటే పిల్లలు తమ చావులు వచ్చినప్పుడల్లా ఈల వేస్తున్నారు. తర్వాత గుడి మెట్లు వచ్చాయి. హీరో వీపు. దాని వెనక నుంచి, తెరంత మొహం, మా నాన్నది.

"అదుగో" అన్నాడు నాన్న, ఖాళీ సీటు వైపు కొంచెం ఒరిగి.

వంగాడు, ఆగాడు, పడ్డాడు. లేచాడు. లేవగానే నాకు అర్థమైంది. రెండోదాంట్లో ఆయన లేవలేదు. ఇది మొదటి టేక్. మెడ కింద, నెత్తుటి మరకల మధ్య, ఎడమ అంచు స్పష్టంగా పైకి ఉంది. హాల్లో ఎవరూ గమనించలేదు. ఎవరికీ పట్టలేదు. నాన్న కాళ్ళనూ చేతినీ బలితీసుకున్న ఆ రెండో టేక్ అసలు అక్కర్లేనే లేదు.

దీపాలు వెలిగాయి. పిల్లలు వచ్చి, "తాతా, లేవడం అదరగొట్టావ్!" అని భుజాలు తట్టి వెళ్ళిపోయారు. మేమిద్దరమే మిగిలాం.

"నాన్నా, అందరి ముందూ నువ్వే సర్దుకున్నానని చెప్పావు గానీ, ఆ కట్టు నేను తెలిసే అలా కట్టాను" అన్నాను. ఎనిమిది నెలలుగా గొంతులో ఉన్న మాట.

"తెలుసు. అద్దంలో చూశానుగా."

"చూసి మరి ఎందుకు మార్చుకోలేదు? మార్చుకుని ఉంటే ఒక్కసారితో అయిపోయేది. ఇవాళ నీ కాళ్ళతో నువ్వు నడిచేవాడివి. ఎందుకు ఊరుకున్నావు?"

నాన్న తెల్లగా ఉన్న తెర వైపు కాసేపు చూశాడు. సీటు మీది కర్ర తీసి మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు.

"కూతురు బతికుండమని కట్టింది" అన్నాడు. "నా చేతులతో నేనే విప్పుకోమంటావా?"

చెయ్యి అందించాను. నా చెయ్యి పట్టుకుని, కర్ర మీద బరువు వేసి, సినిమాలో కంటే చాలా నెమ్మదిగా, మా నాన్న లేచాడు.